బూదిరాయపురం పడవ

మార్చి ముప్పై ఒకటో తేదీ మధ్యాహ్నం పన్నెండు గంటల పది నిమిషాలకు బూదిరాయపురం మున్సిపల్ హైస్కూలు మైదానంలో ఒక పడవ నీళ్ల మీద తేలింది. ఆ పట్టణంలో పడవ తేలడం అదే మొదటిసారి. నీళ్ల లోతు పద్దెనిమిది అంగుళాలు. పడవలో ఎనిమిది మంది ఆడవాళ్లు, ఎనిమిది బిందెలు, మున్సిపాలిటీ స్టోర్ కీపర్ ఉన్నారు. పడవ రెండడుగులు ముందుకు వెళ్లింది, రెండడుగులు వెనక్కి వచ్చింది. అంతకు మించి వెళ్లడానికి చోటు లేదు.

నేను ఒక పడవను. పైన చెప్పిన పడవను నేనే.

చెక్క పడవను కాను, గాలి పడవను. గుడ్డకు రెండు వైపులా రబ్బరు పూసి, కత్తిరించి, అతికించి, గాలి నింపితే నేను అవుతాను. గాలి తీసేస్తే పరుపులా చుట్టి మూలన పెట్టవచ్చు. పొడవు పద్నాలుగు అడుగులు, వెడల్పు ఆరు. నడిపే మనిషి కాక ఎనిమిది మందిని మోస్తాను. రంగు నారింజ. వరదలో పైనుంచి హెలికాప్టర్‌లో వెతికేవాళ్లకు ఆ రంగు కనబడుతుందట.

నన్ను తయారు చేసింది ఒక రేవు పట్టణం శివారులోని షెడ్డులో. నా అతుకులు వేసినావిడ రోజుకు ఒక పడవ పూర్తి చేసేది. ఆమెకు ఈత రాదు. ఆ మాట పక్కావిడతో అంటుంటే విన్నాను. అతుకులయ్యాక నాలో గాలి నింపి, సబ్బు నీళ్లు పూసి, ఒక రోజంతా ఉంచారు. ఎక్కడా బుడగ రాలేదు. తర్వాత సిమెంటు తొట్టిలో కాసేపు తేల్చారు. ఆ షెడ్డులో నాకు తెలిసిన సంగతి ఒకటే. పడవకు నీళ్లు బయట ఉండాలి, లోపల ఉండకూడదు. ఎప్పుడైనా లోపలికి వస్తే పోవడానికి నా వెనక భాగంలో ఒక కంత పెట్టి, దానికి గొలుసుతో ఇత్తడి బిరడా తగిలించారు.

నేను షెడ్డులో ఉండగానే నా రాత నిర్ణయమైపోయింది. పట్టణాల భద్రత, విపత్తు సన్నద్ధత అనే పథకం కింద నలభై పట్టణాలకు గ్రాంటు మంజూరైంది. నలభై పట్టణాలకూ ఒకే రకం సామాను. ఒక పడవ, పది లైఫ్ జాకెట్లు, నాలుగు తెడ్లు, కాలితో తొక్కే గాలి పంపు, నూట పన్నెండు పేజీల మార్గదర్శక పుస్తకం. సైరను, సెర్చిలైటు, నీళ్ల తొట్టి రెండో విడతలో వస్తాయి. నలభైలో సముద్రం ఒడ్డున ఉన్నవి ఉన్నాయి, నది ఒడ్డున ఉన్నవి ఉన్నాయి. బూదిరాయపురం దేని ఒడ్డునా లేదు. అక్కడ ఏడాదికి పడే వాన వేళ్ల మీద లెక్కపెట్టేంత. ఊరి చెరువు ఎండి నాలుగేళ్లు. అందులో తుమ్మచెట్లు లేచాయి, పిల్లలు క్రికెట్ ఆడతారు.

గ్రాంటు ఒప్పుకుంటున్నట్టు పది రోజుల్లో తీర్మానం చేసి పంపాలని ఉత్తరం వచ్చింది. కౌన్సిల్ సమావేశంలో అది ఇరవై మూడో అంశం. ఇరవై రెండో అంశం, కరువు వల్ల వీధులకు ట్యాంకర్లతో నీళ్లు తోలడం. రెండూ ఒకదాని తర్వాత ఒకటి చదివారు. మూడో వార్డు కౌన్సిలర్ చౌడప్ప లేచి, మనకు పడవ ఏంటికప్పా అని అడిగాడట. కమిషనర్ విశ్వమూర్తిది వేరే జిల్లా. సెప్టెంబరులో రిటైరవుతారు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఒక్క గ్రాంటు కూడా వెనక్కి పంపలేదు. వచ్చినదాన్ని వద్దంటే ఆ ఊరి పేరు మీద గీత పడుతుందని, తర్వాత కావలసింది అడిగినా ఆ గీతే చూపిస్తారని ఆయన వివరించారు. చౌడప్పకు అది సబబుగా తోచింది. పడవ రానీ, నీళ్ల సంగతి తర్వాత చూద్దామన్నాడు. రెండు అంశాలూ ఏకగ్రీవంగా ఆమోదం పొందాయి.

ఇదంతా నాకు చెప్పింది స్టోర్ కీపర్ తిప్పన్న. నాకని చెప్పలేదు. స్టోరు గదికి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు, నేను అక్కడే ఉన్నాను.

నవంబరులో లారీ మీద వచ్చాను. మున్సిపల్ ఆఫీసు ముందు గాలి కొట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టారు. కొబ్బరినీళ్లు నా మీద పడ్డాయి. బూదిరాయపురంలో నాకు తగిలిన మొదటి నీళ్లు అవే. తర్వాత గాలి తీసి స్టోరు గదిలో బ్లీచింగ్ పౌడరు బస్తాల పక్కన పెట్టారు. ఎలుకలు కొరక్కుండా తిప్పన్న నా మడతల్లో వేపాకు పెట్టాడు. మధ్యాహ్నం అన్నం తిని నా మీద కూర్చుని మార్గదర్శక పుస్తకం చదివేవాడు. ఆ గదిలో చదవడానికి ఇంకేమీ లేదు. నలభై పట్టణాల్లో ఆ పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివినవాడు తిప్పన్న ఒక్కడేనని నేను అనుకుంటున్నాను. అది నిర్ధారించుకోవడానికి నాకు వీల్లేదు.

ప్రతి నెలా ఒక ఫారం నింపి రాజధానికి పంపాలి. అందులో ‘ఈ నెలలో పడవ ద్వారా రక్షించిన వారి సంఖ్య’ అని ఒక గడి ఉంది. తిప్పన్న మొదటి నెల అందులో అడ్డగీత పెట్టాడు. అంకె వేయాలని తిప్పి పంపారు. సున్నా వేశాడు. సున్నాకు కారణం రాయాలని తిప్పి పంపారు. నీళ్లు లేవు అని రాశాడు. నీళ్లు లేకపోవడానికి బాధ్యులెవరో రాయాలని మళ్లీ వచ్చింది. కమిషనర్ ఆ కాగితాన్ని రెండు రోజులు బల్ల మీద ఉంచుకుని, చివరకు ఫైల్లో పెట్టించారు.

మార్చి మూడో వారంలో ఇంకో ఉత్తరం వచ్చింది. మార్చి ముప్పై ఒకటి సాయంత్రం ఐదు గంటల లోపు ప్రతి పట్టణమూ వరద రక్షణ విన్యాసం చేసి ఫోటో ఎక్కించాలి. ఫోటోలో పడవ ఉండాలి, నీళ్లు ఉండాలి, తక్కువలో తక్కువ ఎనిమిది మంది బాధితులు ఉండాలి. ఫోటో మీద తేదీ, స్థలం పడాలి. స్థలం పట్టణం పొలిమేర లోపలే ఉండాలి. లేకపోతే రెండో విడత రాదు, మొదటి విడతకు సంజాయిషీ ఇవ్వాలి.

దగ్గర్లో నీళ్లున్న రిజర్వాయరు అరవై ఒక్క కిలోమీటర్ల దూరం. అది పొలిమేరలోకి రాదు. కమిషనర్, ఇంజనీరు ఒక రోజంతా ఆలోచించి, హైస్కూలు మైదానంలో జేసీబీతో గుంత తీయించారు. ఇరవై అడుగుల పొడవు, పదమూడు అడుగుల వెడల్పు. అడుగున కొత్త ప్లాస్టిక్ పట్టా పరిచారు. నేను తేలాలంటే అందులో పన్నెండు వేల లీటర్లు పోయాలి. అంటే రెండు ట్యాంకర్లు.

ఆ రోజు ఆ రెండు ట్యాంకర్లూ బొరుగుల బట్టీల వీధికి వెళ్లాల్సినవి.

ఆ వీధి గురించి చెప్పాలి. నూట నలభై ఇళ్లు, అరవై రెండు బట్టీలు. వడ్లు నానబెట్టి, ఉడకబెట్టి, ఎండబెట్టి, దంపించి, ఆ బియ్యానికి ఉప్పు నీళ్లు పట్టించి, కాలే ఇసుకలో వేయిస్తే బొరుగులవుతాయి. ఊళ్లో పొద్దున ఉగ్గాని తినేవాళ్లంతా, కమిషనర్‌తో సహా, ఆ వీధి బొరుగులే తింటారు. వడ్లు నానాలంటే నీళ్లు కావాలి. ఆ వీధికి ట్యాంకరు వచ్చి తొమ్మిది రోజులైంది. తాగడానికే కొనుక్కుంటున్నారు. బట్టీలన్నీ ఆరిపోయాయి.

వీధి చివర ఇంట్లో వన్నూరమ్మ ఉంటుంది. యాభై ఏళ్లు దాటాయి. బట్టీ ఆమెదే, ఇసుక కలిపేదీ ఆమే. మూడు నెలల కిందట కాన్పయిన కోడలు, పసిబిడ్డ, పక్షవాతంతో మంచాన ఉన్న అత్త ఆ ఇంట్లో ఉన్నారు. ఆ రోజు ఆమె వేకువనే లేచి ఆరు బిందెలు వీధిలో వరసకు పెట్టింది. ఆ ఊళ్లో వరసలో బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. ఎవరూ దాన్ని జరపరు. తొమ్మిదిన్నరకు ట్యాంకరు వీధి మొదట్లోకి వచ్చి, లోపలికి తిరగకుండా ముందుకు వెళ్లింది. వన్నూరమ్మ వెనకాల నడిచి, మలుపులో గేదెలు అడ్డం వచ్చి ఆగినప్పుడు పట్టుకుంది. డ్రైవరు ఖాజాపీర్ కిటికీలోంచి చెప్పాడు.

“ఈ పొద్దు మీ వీధికి కాదక్కా. పడవకు.”

“ఎవురికి?”

“పడవకక్కా. మున్సిపాలిటీ పడవకు.”

“అది తాగుతాదా?”

పోయమన్న చోట పోయడమే తన పని అన్నాడు ఖాజాపీర్. ఈ సంభాషణ తర్వాత అతనే తిప్పన్నకు చెప్పాడు.

పదకొండు గంటలకు నేను గాలితో నిండి గుంత పక్కన ఉన్నాను. మొదటి ట్యాంకరు గుంతలో ఖాళీ అయింది, రెండోది పోస్తోంది. అప్పుడు బట్టీల వీధి ఆడవాళ్లు మైదానంలోకి వచ్చారు. నలభై మంది దాకా ఉంటారు. ఎవరూ అరవలేదు. గుంత గట్టు చుట్టూ బిందెలు వరసగా పెట్టి, వెనక నిలబడ్డారు.

కమిషనర్ వాళ్ల దగ్గరికి వెళ్లి మెల్లగానే మాట్లాడారు. ఇది ఊరి భద్రతకు సంబంధించిన పని, ఫోటో కాగానే ఈ నీళ్లు మీకే ఇస్తామన్నారు. వన్నూరమ్మ గుంత చుట్టూ చూసింది. ఇంజనీరు బూట్లు, జేసీబీ నడిపినవాడి చెప్పులు, బాధితులుగా కూర్చోవడానికి తెచ్చిన ఎనిమిది మంది పారిశుధ్య సిబ్బంది కాళ్లు చూసింది. వాళ్లు తెల్లవారి నుంచి కాలువలు తీసి నేరుగా వచ్చారు.

“వీళ్లంతా దిగిన నీళ్లు మా బిడ్డలకు తాపాలనా సార్?”

“మరి బాధితులు ఎనిమిది మంది ఉండాలమ్మా. నిబంధన.”

“బాధితులే గదా కావల్సింది. మేముండాం గదా. కాళ్లు కడుక్కోని ఎక్కుతాం. నీళ్లల్లో ఎవురూ అడుగు పెట్టేకి లేదు. ఫోటో తీసుకోండి. ఆమీట నీళ్లు మావి.”

కమిషనర్ గడియారం చూసుకున్నారు. ఒప్పుకున్నారు. పారిశుధ్య సిబ్బంది నీడకు వెళ్లి కూర్చున్నారు. వాళ్లలో ఒకడు, బాధితుల్లో కూడా మనల్ని తీసేసినారప్పా అన్నాడు.

వన్నూరమ్మ ముందు నా అడుగంతా తుడిచింది. వేపాకు, ఎలుకల పెంట, తిప్పన్న అన్నం మెతుకులు బయటపడేసింది. అంత శుభ్రంగా నన్ను షెడ్డులో కూడా తుడవలేదు. ఎనిమిది మందీ ఒక చెంబు నీళ్లతో పొదుపుగా కాళ్లు కడుక్కుని, కాళ్లకు మట్టి అంటకుండా పలక మీదుగా ఎక్కారు. చీరల మీద లైఫ్ జాకెట్లు వేసుకున్నారు. బిందెలు గట్టున పెట్టమంటే పెట్టలేదు. వరసలో ఉన్న బిందెను జరపరు కానీ, మున్సిపాలిటీ వాళ్లు ఆ వరస మనుషులు కాదు కదా అన్నారు. తిప్పన్న తెడ్డు పట్టుకుని వెనక కూర్చున్నాడు. పన్నెండు పదికి నన్ను గుంతలోకి నెట్టారు.

నేను తేలాను. నన్ను చేసింది అందుకే. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడను.

ఫోటోగ్రాఫరు నాలుగు ఫోటోలు తీశాడు. నాలుగింటిలోనూ ఆడవాళ్లు నవ్వుతున్నారు. పడవెక్కడం వాళ్లందరికీ అదే మొదటిసారి. వరదలో చిక్కుకున్నవాళ్లు నవ్వకూడదని, భయంగా చూడమని అతను బతిమాలాడు. వాళ్లకు ఇంకా నవ్వు వచ్చింది. అప్పుడు వన్నూరమ్మ వెనక్కి తిరిగి మిగతావాళ్లతో అంది.

“మళ్లా ట్యాంకరు ఎప్పుడొస్తాదో ఆలోచన చేయండే.”

ఐదో ఫోటో పనికొచ్చింది.

ఒంటి గంటకు ఫోటో ఎక్కించారు. కింద వివరాల గడుల్లో నీటి లోతు పద్దెనిమిది అంగుళాలు అని, రక్షించిన వారు ఎనిమిది మంది, వారి సామగ్రితో సహా అని రాశారు. పట్టణానికి ఉన్న నీటి వనరులోనే విన్యాసం జరిగిందని ముందే అచ్చయి ఉన్న ధ్రువీకరణ కింద కమిషనర్ సంతకం చేశారు. రెండున్నరకల్లా గుంతలో తడి తప్ప ఏమీ మిగల్లేదు. ఆ సాయంత్రం బట్టీల వీధిలో పొగ లేచిందని తిప్పన్న చెప్పాడు.

ఇక్కడితో నా కథ స్టోరు గదిలో ముగియాల్సింది. ఏప్రిల్ ఇరవై నాలుగున పథకం వార్షిక నివేదిక వచ్చింది. దాని అట్ట మీద ఆ ఐదో ఫోటో ఉంది. నలభై పట్టణాల ఫోటోల్లో బాధితుల ముఖాల్లో నిజమైన ఆందోళన ఉన్నది ఇదొక్కటేనని లోపల రాశారు. కమిషనర్ దాన్ని చట్రం కట్టించి గదిలో పెట్టుకున్నారు.

మే రెండున కరువు జాబితా వచ్చింది. అందులో బూదిరాయపురం లేదు. అన్ని శాఖల వివరాలూ ఇప్పుడు ఒకే కంప్యూటరులోకి వెళ్తాయట. మార్చి ముప్పై ఒకటిన పద్దెనిమిది అంగుళాల నీరు నిలిచి, ఎనిమిది మందిని పడవలో రక్షించిన పట్టణం అదే నెలలో కరువు పట్టణం ఎలా అవుతుందని కంప్యూటరు దాన్ని తీసేసింది. జాబితాలో లేని ఊరికి ట్యాంకర్లు లేవు. మే మూడున ఖాజాపీర్ ట్యాంకరును పక్క ఊరికి పంపించారు.

కమిషనర్ అదే రోజు ఉత్తరం రాశారు. అది వరద కాదు, విన్యాసం. గుంత తీసి నీళ్లు పోశాం. జాబితాలో మళ్లీ చేర్చండి అని. ఆరు రోజులకు జవాబు వచ్చింది. పట్టణానికి ఉన్న నీటి వనరులో విన్యాసం జరిగినట్టు మీరే ధ్రువీకరించారు, ఆ ధ్రువీకరణ తప్పయితే గ్రాంటు వసూలుకూ సంతకం చేసిన అధికారిపై చర్యకూ సిఫారసు చేస్తాం, తప్పో ఒప్పో తెలపండి అని అందులో ఉంది. తప్పు అంటే పింఛను ఆగుతుంది. ఒప్పు అంటే ట్యాంకరు రాదు. ఆయన తెలపలేదు.

ఆ వారమంతా విశ్వమూర్తి గారు భోజనం సరిగా చేయలేదని అటెండరు అన్నాడు. బట్టీల వీధిలో ఎవరు ఏం తిన్నారో ఎవరూ అనలేదు.

మే పన్నెండున వన్నూరమ్మ ఆఫీసుకు వచ్చింది. కమిషనర్ గది కిటికీ స్టోరు వైపే ఉంటుంది కాబట్టి ఇది నేను విన్నదే. ఆమె గోడ మీద చట్రంలో తనను చూసుకుంది.

“అది నేనే గదా సార్.”

“నువ్వేనమ్మా.”

“నన్ను కాపాడినారు. మీరే రాసినారంట.”

“అవును.”

“కాపాడినోళ్లకు నీళ్లు గూడా ఇయ్యరా? పది దినాలాయ సార్. మా అత్త నోట్లో తడిగుడ్డ పెడతాండాం. బిడ్డకు నీళ్లు పోసి నాల్గు దినాలాయ. కోడలికి పాలు తగ్గిపాయ.”

వరండాలో తిప్పన్న నా జాకెట్లు ఎండబెడుతున్నాడు. అతను గుమ్మం దగ్గరికి వచ్చి, నలభై ఒకటో పేజీ సార్ అన్నాడు. ఏ పేజీ అని కమిషనర్ అడిగారు. తిప్పన్న స్టోరులోకి వచ్చి పుస్తకం తీసుకెళ్లాడు.

నలభై ఒకటో పేజీలో ఇలా ఉంది. పడవ ద్వారా రక్షించిన ప్రతి వ్యక్తికీ సహాయ కేంద్రం తెరవాలి. తలకు రోజుకు నలభై లీటర్ల నీరు తొంభై రోజుల పాటు సరఫరా చేయాలి. కేంద్రాన్ని ఎప్పుడు తెరిస్తే అప్పటి నుంచి తొంభై రోజులు. దీనికి కరువు జాబితాతో పని లేదు. పథకం కింద ట్యాంకరు పెట్టుకునే అధికారం కమిషనర్‌కు ఉంది.

కమిషనర్ ఆ పేజీ మూడు సార్లు చదివారు. ఎనిమిది మందికి మూడు వందల ఇరవై లీటర్లే వస్తాయన్నారు. తిప్పన్న పేజీ తిప్పాడు. రక్షించినవారి సంఖ్యకు పరిమితి లేదని, ఒక్కొక్కరికీ ఫోటో చాలని అందులో ఉంది. మళ్లీ గుంత నింపడానికి నీళ్లు ఎక్కడివని అక్కడే ఉన్న ఇంజనీరు అడిగాడు. తిప్పన్న ఇంకో పేజీ తిప్పాడు.

“ఫోటోలో పడవ ఉండల్ల, నీళ్లుండల్ల, మనిషుండల్ల అని ఉంది సార్. ఏది దేంట్లో ఉండల్లనో రాయలేదు.”

మే పద్నాలుగున బొరుగుల బట్టీల వీధిలో వరద సహాయ కేంద్రం తెరిచారు. నీళ్ల తొట్టి రెండో విడతలో గానీ రాదు, రెండో విడత ఇంకా రాలేదు. అందుకని వీధి మధ్యలో వేపచెట్టు కింద నన్ను పెట్టి, ఖాజాపీర్‌ను పక్క ఊరి నుంచి పిలిపించి, నా లోపల నీళ్లు పోయించారు. వెయ్యిన్నూరు లీటర్లు పట్టాను. వెనక కంతకు ఉన్న ఇత్తడి బిరడా తీస్తే నీళ్లు బిందెలోకి పడతాయి, పెడితే ఆగుతాయి. ఖాళీ అయ్యేకొద్దీ ట్యాంకరు మళ్లీ నింపుతుంది.

వీధిలోవాళ్లు ఒక్కొక్కరే నా పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారు. లైఫ్ జాకెట్ వేసుకున్నారు, ఎందుకంటే అది నిబంధన. వన్నూరమ్మ అత్తను మంచంతో సహా తెచ్చి, జాకెట్ ఆమె మీద పరిచారు. పసిబిడ్డకు జాకెట్ చుట్టితే బిడ్డ కనబడలేదు, మళ్లీ తీశారు. మొదటి రోజు నూట ఆరుగురిని రక్షించాను. నెలాఖరుకు వీధి మొత్తం, ఆరు వందల పన్నెండు మంది. రాజధానిలో ఎవరూ ఏమీ అడగలేదు. గడిలో అంకె ఉంది కదా.

జూన్ మొదటి వారంలో పథకం ఆఫీసు నుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చాడు. జీపు దిగి నా చుట్టూ ఒకసారి తిరిగాడు. బయట దుమ్ము, లోపల నీళ్లు. తెచ్చుకున్న కాగితం చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. ఎండ నలభై మూడు డిగ్రీలు ఉంది. వన్నూరమ్మ చెంబుతో నీళ్లు ముంచి ఇచ్చింది. అతను తాగాడు, ఇంకో చెంబు అడిగాడు. ‘పడవ వినియోగంలో ఉంది’ అని రాసి వెళ్లాడు.

నాకు అభ్యంతరం లేదా అని మీరు అడగవచ్చు. మొదట్లో ఉండేది. నీళ్లు లోపలికి వచ్చిన ప్రతిసారీ ఏదో తప్పు జరిగిందనే అనిపించేది. జూన్‌లో ఎడమ వైపు అతుకు వదిలి, వీధి మొగలో సైకిళ్లు బాగుచేసే ఆయన పంక్చరు ముక్క వేశాడు. పిల్లలు నా అంచు మీద కూర్చుని కాళ్లు ఊపేవారు, పెద్దవాళ్లు దింపేసేవారు. తెల్లవారుజామున నా ముందు వరసగా బిందెలు ఉండేవి. ఆ షెడ్డులో నన్ను చేసినవాళ్లు వీటిలో దేనికీ నన్ను సిద్ధం చేయలేదు. సన్నద్ధత అన్న మాట నా ఒంటి మీద అచ్చు వేశారు కానీ, దేనికి అన్నది వేయలేదు.

ఆగస్టు పదకొండుతో తొంభై రోజులు నిండుతాయి. అప్పటికి పడిన వాన రెండు జల్లులు, చెరువు ఎండే ఉంది. గడువు పొడిగించాలంటే కమిషనర్ ఒక ఫారం మీద సంతకం చేయాలి. అందులో ఒకటే ప్రశ్న. ‘వరద ప్రాంతంలో నీరు ఇంకా నిలిచి ఉందా? ఉంటే లోతు ఎంత? అధికారి స్వయంగా కొలిచి రాయాలి.’

ఆగస్టు పదిన, ఆదివారం, విశ్వమూర్తి గారు నడిచే వీధిలోకి వచ్చారు. చేతిలో ఫారం ఉంది. రిటైర్మెంటు ఇంకా యాభై ఒక్క రోజులు. నా పక్కన అరుగు మీద కూర్చున్నారు. తిప్పన్న నిలబడే ఉన్నాడు. వన్నూరమ్మ బట్టీలో ఇసుక కలుపుతూ, పని ఆపకుండానే ఆయన్ని చూసింది.

ఇంతవరకూ రాసినవాటికి పుస్తకంలో పేజీ ఉందని, దీనికి లేదని ఆయన తిప్పన్నతో అన్నారు. లేని నీళ్లు ఉన్నాయని చేతులారా రాయలేనన్నారు. మార్చిలో ఒకసారి రాసినదే తనను ఇంకా నిద్రపోనివ్వడం లేదన్నారు. తిప్పన్న పుస్తకం తెచ్చాడు కానీ తెరవలేదు.

వన్నూరమ్మ గరిటె పక్కన పెట్టి వచ్చింది. ఏం రాయాలి సార్ అని అడిగింది. తిప్పన్న ఫారం చదివి వినిపించాడు. ఆమె రెండోసారి చదివించుకుంది.

“ఈ వీధి పేరు వాళ్ల కాగితంలో ఏమని ఉంది?”

“వరద ప్రాంతం అని,” అన్నాడు తిప్పన్న.

“ఈ పడవ వీధిలోనే ఉంది గదా?”

“ఉంది.”

“అయితే కొలవండి సార్. లేంది రాయొద్దు. ఉండేదే రాయండి.”

కమిషనర్ ఫారం అరుగు మీద పెట్టి లేచారు. తిప్పన్న పరిగెత్తుకెళ్లి బడిపిల్ల దగ్గర చెక్క స్కేలు తెచ్చాడు. అది పన్నెండు అంగుళాలే. కమిషనర్ చొక్కా చేతులు పైకి మడిచి, చెప్పులు విడిచి, నా అంచు మీదుగా వంగారు. స్కేలు మునిగింది. వేలితో గుర్తు పెట్టుకుని మళ్లీ కొలిచారు. వీధిలోవాళ్లు చుట్టూ నిలబడ్డారు. ఆయన చేయి మోచేతి దాకా తడిసింది. తడి చేత్తోనే కలం అందుకుని, ‘నీరు నిలిచి ఉంది. లోతు పదమూడున్నర అంగుళాలు. స్వయంగా కొలిచాను’ అని రాసి సంతకం చేశారు. సమయం పదకొండు ఐదు అని కూడా రాశారు.

పన్నెండో తేదీ మధ్యాహ్నం గడువు తొంభై రోజులు పొడిగించినట్టు ఉత్తర్వు వచ్చింది. పదమూడున ఉదయం ఆరుంపావుకు ఖాజాపీర్ ట్యాంకరు వెనక్కి నడుపుకుంటూ వీధిలోకి వచ్చి, నా లోపల పైపు పెట్టాడు. వన్నూరమ్మ వరసలో నాలుగోది. మూడు బిందెలు ఇంట్లోకి మోసింది. నాలుగో బిందెతో వడ్లు నానబోసింది.